చర్చ: పాత బడి ఫ్లాపీలకు సెక్టార్ ఇమేజ్ చాలా, ఫ్లక్స్ తప్పదా?

అమలాపురం_8బిట్
కోనసీమ బడుల బీరువాల్లో రెండు రకాల 5.25 అంగుళాల ఫ్లాపీలు దొరుకుతున్నాయండి. ఒక రకం 1984లో కేంద్రం మొదలుపెట్టిన క్లాస్ పథకం (బడుల్లో కంప్యూటర్ చదువు) నాటి బీబీసీ మైక్రో కంప్యూటర్లవి, రెండోది ఎంఎస్-డాస్ 360 కేబీవి. ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాంలో) నడవడమే కావలసింది కాబట్టి సెక్టార్లు, అంటే డేటా ముక్కలు మాత్రం కాపీ చేస్తే సరిపోతుందని కొందరంటున్నారు. ప్రతి డిస్కుకీ ఫ్లక్స్, అంటే డిస్కు మీది అయస్కాంత మార్పుల ముడి రికార్డు తీయాల్సిందేనని ఇంకొందరు. తేల్చండి.

పాలకొల్లు_ట్రాక్‌జీరో
బీబీసీ డిస్కులకైతే ఫ్లక్సే. వాటి డీఎఫ్ఎస్ (డిస్కులో ఫైళ్లను నడిపే వ్యవస్థ) రాసేది సింగిల్ డెన్సిటీలో, అంటే ఎఫ్ఎం అనే పద్ధతిలో. చాలా పీసీ కంట్రోలర్లకు ఎఫ్ఎం చదవడం రాదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవులు 3.5 అంగుళాలవే, పైగా ఫ్లక్స్ ఇవ్వవు. గ్రీజ్‌వీజల్ అనే ఫ్లక్స్ చదివే బోర్డు పెట్టి ట్రాకుకు (డిస్కు మీది గుండ్రటి వరసకు) కనీసం 3 చుట్లు తీయండి. 80 ట్రాకులు, ఒక వైపుకి ఇంచుమించు 18 ఎంబీ అవుతుంది. ఇప్పటి హార్డ్‌డిస్కుకి అదో లెక్కా?

ఇంకో మెలిక ఉంది. అప్పటి ప్రచురణకర్తలు కొందరు 40, 80 ట్రాకుల డ్రైవులు రెండింటిలోనూ నడిచేలా ఒకే డిస్కును ఫార్మాట్ చేసేవారు. 40 ట్రాకులదే అనుకుని డబుల్ స్టెప్‌తో (ఒకటి విడిచి ఒక స్థానం) చదివారా, సగం వదిలేసినట్టే. 80 స్థానాలూ ఫ్లక్స్ తీసి పెట్టుకుంటే ఏది అసలు ట్రాకో తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

తణుకు_డాస్
అందరికీ ఒకటే మందు అంటే ఎలాగండి? డాస్ 360 కేబీ డిస్కంటే 40 ట్రాకులు, 2 వైపులు, ట్రాకుకి 9 సెక్టార్లు, సెక్టారుకి 512 బైట్లు. మొత్తం 3,68,640 బైట్లు. కాపీ ప్రొటెక్షన్ లేని పాఠాల డిస్కులో అంతకు మించి దాగి ఉండేదేమీ లేదు. సెక్టార్లన్నీ సీఆర్‌సీ (డేటా సరిగా వచ్చిందో చెప్పే తనిఖీ అంకె) తప్పు లేకుండా వస్తే పని అయిపోయింది. వందలకొద్దీ డిస్కులున్నచోట ఫ్లక్స్ అంటూ కూర్చుంటే సగం బీరువా తెరవకుండానే చెదలు తినేస్తాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. విండోస్ 98 మెషీన్‌లో పెట్టేముందు డిస్కు పక్కనున్న గాడికి స్టిక్కర్ అంటించండి. లేదంటే ఊరికే చూసినా చాలు, బూట్ సెక్టార్‌లోని తయారీదారు పేరు చెరిపి తన గుర్తు రాసేస్తుంది.

పాలకొల్లు_ట్రాక్‌జీరో
తణుకు గారూ, "సీఆర్‌సీ తప్పు లేకుండా వస్తే" అన్నారు. మన తేమకి అలా వచ్చేవి ఎన్నండి? ఒక్క సెక్టారు చెడితే మీ ఇమేజ్‌లో మిగిలేది ఖాళీ. ఫ్లక్స్‌లో అయితే మొదటి చుట్టులో పోయింది మూడో చుట్టులో దొరకొచ్చు. డీఎఫ్ఎస్‌లో 0వ ట్రాకు మొదటి రెండు సెక్టార్లే కేటలాగు, అంటే ఫైళ్ల పట్టిక. అవి పోతే 31 ఫైళ్లున్నా ఒక్కదాని పేరూ తెలీదు, ఎక్కడ మొదలవుతుందో కూడా తెలీదు.

రాజోలు_రీడర్
మీరిద్దరూ డ్రైవు దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, అసలు సంగతి అంతకుముందే ఉంది. డిస్కును డ్రైవులో పెట్టకముందు హబ్ దగ్గర వేలుపెట్టి మెల్లగా తిప్పుతూ, హెడ్డు తగిలే కిటికీలోంచి వెలుతురులో చూడండి. తెల్లటి చుక్కలో, బూడిదరంగు మరకలో కనబడితే అది బూజే. అలాగే తోసేస్తే బూజు హెడ్డు మీద ముద్దకట్టి డిస్కును గుండ్రంగా గీరేస్తుంది. ఆ గీతలో ఉన్న ట్రాకు ఇంక ఏ బోర్డుకీ చిక్కదు. ఆ మురికే తర్వాతి మంచి డిస్కునీ తింటుంది.

బూజు ఉంటే ముక్కుకి మాస్కు కట్టుకుని కవరు పై అంచు కత్తిరించి, లోపలి పళ్లేన్ని హబ్ దగ్గర పట్టుకుని తీయండి. డిస్టిల్డ్ వాటర్లో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, నూలు రాలని గుడ్డతో రెండు వైపులా తుడవండి, మళ్లీ మంచినీళ్లతో కాదు, డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగండి. ఎండలో ఆరబెట్టొద్దు, వంకర తిరుగుతుంది. నీడలో ఆరాక సిలికా జెల్ వేసిన మూతబిగువు డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. వరదల నెలల్లో ఈ డబ్బా లేకుండా ఆరిందనుకోవడం మన భ్రమ. తర్వాత పనికిరాని ఫ్లాపీ కవరులోకి మార్చి చదవండి. డిస్కు డిస్కుకీ మధ్య 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్డు తుడవాలి. కీచుమన్నదా, వెంటనే ఆపేయండి, పూత ఊడుతోందన్నమాట.

ఇలా కడిగిన డిస్కు రెండోసారి చదువుతుందన్న భరోసా లేదు. కాబట్టి కడిగినవాటికి ఫ్లక్సే. శుభ్రంగా ఉన్న డాస్ డిస్కులకు తణుకు గారి మాటే సరి.

తణుకు_డాస్
దానికి ఒప్పుకుంటా. ఒక్కటి కలపండి: 5.25 డ్రైవుకి 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీతో తిరగదు. పాత ఏటీఎక్స్ పవర్ సప్లైలో ఆకుపచ్చ తీగని నల్లదానికి కలిపితే ఆన్ అవుతుంది. 360 కేబీ డిస్కును 1.2 ఎంబీ డ్రైవులో చదవొచ్చు, రాయకూడదు.

అమలాపురం_8బిట్
తీసిన ఇమేజ్‌లు నెట్‌లో పెట్టొచ్చా?

భీమవరం_బేర్‌యాక్ట్
1957 కాపీరైట్ చట్టం 52(1)(ఎఎ) ప్రకారం చట్టబద్ధంగా డిస్కు ఉన్నవారు పోకుండా బ్యాకప్ తీసుకోవచ్చు. పంచిపెట్టడం అందులోకి రాదు. గ్రంథాలయాలకు 52(1)(ఎన్) ఉంది కదా అంటారు, అది డిజిటల్ కాని ప్రతి ఉన్నప్పుడే. ఫ్లాపీ అప్పటికే డిజిటల్! కాబట్టి ఇమేజ్ దాచండి, నెట్‌లో పెట్టేది డిస్కుల జాబితా, లేబుల్ ఫొటోలు.

నరసాపురం_జిస్ట్
తెలుగు పాఠాలున్న డాస్ డిస్కుల సంగతి వేరండి. అందులో కొన్ని సీ-డాక్ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ) వారి జిస్ట్ కార్డు, అంటే భారతీయ లిపులు చూపే కార్డు ఉందనుకుని రాసినవి. అక్షరాలు గీసేది కార్డే, ప్రోగ్రాం కేవలం ఇస్కీ (భారతీయ లిపుల పాత అక్షర సంకేతం) బైట్లు పంపుతుంది. డాస్‌బాక్స్ అనే డాస్ ఎమ్యులేటర్ ఆ కార్డును అనుకరించదు. కాబట్టి ఇమేజ్ ఎంత బాగా తీసినా తెర మీద "అమ్మ" బదులు పెట్టెగీతలు, చుక్కలూ వస్తాయి. డిస్కు పాడైందనుకుని పారేయకండి. హెక్స్ ఎడిటర్‌లో 161 నుంచి 250 మధ్య బైట్లు గుంపులుగా కనబడితే అది ఇస్కీ కావచ్చు. ఆ పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చొచ్చు. తెర ఎలా ఉండేదో కావాలంటే మాత్రం కార్డు బిగించిన పాత పీసీ ఉన్నప్పుడే ప్రతి పేజీ ఫొటో తీయాలి. ఆ కార్డులు తుక్కు కింద వెళ్లిపోతున్నాయి, ముందు వాటి వేట చూడండి.