అప్‌డేట్: మా టార్ట్ మేడమ్ నామినేషన్ పంపేశాను

ఇంగ్లండ్‌లో లా చదువుతున్నానని, మాకు టార్ట్ లా (ఒకరి తప్పువల్ల ఇంకొకరికి హాని జరిగితే పరిహారం ఇప్పించే చట్టం) చెప్పే మేడమ్‌ని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వాళ్ళ ‘లా టీచర్ ఆఫ్ ది ఇయర్’ అవార్డుకు నామినేట్ చేయాలంటే ఏం రాయాలని అడిగాను కదా. (ఇక్కడ టీచర్లను పేరుపెట్టి పిలుస్తారు, నాకింకా నోరు రావట్లేదు.)

“పొగడ్తలు తగ్గించి, ఒక్క క్లాసు చూపించండి” అని ఒకరు చెప్పింది బాగా పనికొచ్చింది. అందుకే డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్ క్లాసు గురించే రాశాను. 1928లో స్కాట్లండ్‌లోని పెయిస్లీలో ఒకావిడ తాగిన జింజర్ బీర్ సీసాలో కుళ్ళిన నత్త ఉందన్న కేసు అది. ఆ రోజు మేడమ్ ముదురు రంగు సీసా ఒకటి బల్లమీద పెట్టి, “లోపల ఏముందో చెప్పండి” అన్నారు. ఎవరికీ కనిపించలేదు. “కొన్నది స్నేహితురాలు, తాగింది ఈవిడ. కాంట్రాక్టే లేదు. మరి ఎవరిమీద కేసు వేయాలి?” అనడిగి, కాంట్రాక్టు లేకపోయినా తయారుచేసినవాళ్ళు వాడేవాళ్ళ పట్ల జాగ్రత్త తీసుకోవాల్సిందే అన్న 1932 తీర్పు దాకా మేమే వాదించుకుంటూ వచ్చేలా చేశారు. అసలు నత్త ఉందో లేదో కోర్టులో చివరిదాకా తేలనే లేదని క్లాసు అయిపోతుండగా చెప్పారు!

ఫారంలో మిగతావన్నీ మామూలు వివరాలే. ఇద్దరు క్లాస్‌మేట్స్ కూడా విడిగా రాశారు. మేడమ్ ఫైనల్‌కి వెళ్తే అవార్డు జడ్జీలే కాలేజీకి వచ్చి, పాఠం విని, విద్యార్థులతో, తోటి టీచర్లతో మాట్లాడతారు. నాకు ఆ పద్ధతే నచ్చింది. కాకపోతే నన్ను పిలిస్తే ఎలా మాట్లాడాలో అని అప్పుడే టెన్షన్ మొదలైంది. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.