గ్రాము నుంచి మోల్‌కు: "గుణించు" అని చెబితే సరిపోతుందా?

బ్రాడీపేట తండ్రి (గుంటూరు):
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మొన్నటి పరీక్షలో 0.92 గ్రాముల ఇథనాల్‌ను స్పిరిట్ దీపంలో మండిస్తే 200 గ్రాముల నీరు 20 డిగ్రీలు వేడెక్కిందని చెప్పి, మోల్‌కు (అంటే నిర్ణీత సంఖ్యలో అణువులుండే మూటకు; ఇథనాల్ అయితే 46 గ్రాములు) ఎంత ఉష్ణం వెలువడిందో కనుక్కోమన్నారు. నీరు గ్రహించిన ఉష్ణం 16.72 కిలోజౌళ్లని, అది గ్రాముకు 18.17 అని సరిగ్గానే వేసిన పిల్ల, తీరా చివరి వరుసలో 46తో గుణించవలసిన చోట భాగించి 0.395 అని రాసి వచ్చింది. దిద్దినవారు ఎర్ర సిరాతో "గుణించాలి" అన్న ఒక్క మాట రాసి వదిలేశారు. ఆ మాటను బట్టీ పట్టిస్తే చాలునా, లేక మొదటి నుంచీ మరో విధంగా నేర్పాలా? పెద్దలు చెప్పగలరు.

సత్యనారాయణపురం ట్యూషన్ మాస్టారు (విజయవాడ):
చాలునండీ. ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు ఉంటాయి. అక్కడ కూర్చుని మోల్ అంటే ఏమిటని ధ్యానం చేసే తీరిక ఎవరికీ ఉండదు. గ్రాము నుంచి మోల్‌కు వెళ్తే గుణించు, మోల్ నుంచి గ్రాముకు వస్తే భాగించు. అనుమానం వస్తే ఒకటే గుర్తు పెట్టుకోమంటాను: ఏ పదార్థమైనా మోల్ గ్రాము కంటే పెద్ద మూట, కాబట్టి జవాబు పెరగాలి. మీ అమ్మాయి 18 నుంచి 0.395కు దిగినప్పుడే ఆగి చూసుకోవలసింది.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు:
నాకు ఈ మార్పిడే అనవసరమనిపిస్తుంది. నేను పనిచేసిన థర్మల్ కేంద్రంలో బొగ్గును కిలోకు ఎన్ని కిలోకేలరీలన్న లెక్కతోనే చూసేవాళ్లం. 2012 నుంచి దేశమంతటా బొగ్గు గ్రేడ్లు నిర్ణయిస్తున్నదీ ఆ లెక్కతోనే. బొగ్గుకు అణుభారం ఎక్కడిది? ఇంట్లో గ్యాస్ సిలిండర్ సంగతీ అంతే. లోపలి ప్రొపేన్ గ్రాముకు సుమారు 50 కిలోజౌళ్లు, బ్యూటేన్ 49.5 ఇస్తాయి కనుక, వాటి పాళ్లు ఎలా మారినా 14.2 కిలోల సిలిండర్‌లో గృహిణికి అందే వేడి దాదాపు ఒకటే. అదే మోల్ లెక్కన చూస్తే 2220, 2877 అని వేరువేరు అంకెలు వచ్చి లేనిపోని గందరగోళం.

గుంటూరు కెమిస్ట్రీ లెక్చరర్:
ఇంజనీరు గారు చూపిన ఉదాహరణే ఆయన వాదనకు ఎదురు తిరుగుతుంది. మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్‌లను గ్రాము లెక్కన వరుసగా పేరిస్తే 55.5, 51.9, 50.3, 49.5 వస్తాయి, ఏదో మెల్లగా తగ్గుతోందని తప్ప ఆ అంకెలు ఇంకేమీ చెప్పవు. మోల్ లెక్కన 890, 1560, 2220, 2877 అని రాసి ఒకదాని నుంచి ఒకటి తీసివేయండి: 670, 660, 657. గొలుసుకు ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు చేరిన ప్రతిసారీ దాదాపు అంతే ఉష్ణం చేరుతోందని, అంటే ఆ ఉష్ణం బంధాల లెక్కలో ఉందని పిల్లవాడి కంటికి కనిపించేది అక్కడే. కొనడానికీ అమ్మడానికీ తూకం కావాలి, ఒప్పుకుంటాను. కానీ అణువులు చర్య జరిపేది తలలు లెక్కపెట్టుకుని.

ఇక మాస్టారు గారి సూత్రంతో నాకున్న పేచీ వేరు. గుణించాలా భాగించాలా అన్నది చిన్న చిక్కు. దేని మోల్ అన్నది పెద్ద చిక్కు. రెండు మోల్‌ల హైడ్రోజన్ ఒక మోల్ ఆక్సిజన్‌తో మండి ద్రవ రూపంలో నీరైతే 572 కిలోజౌళ్లు వస్తాయి. "మోల్ నుంచి గ్రాముకు భాగించు" అని నేర్చుకున్నవాడు దానిని హైడ్రోజన్ అణుభారం 2తో భాగించి గ్రాముకు 286 అంటాడు. నిజానికి అక్కడ మండింది 4 గ్రాములు కనుక గ్రాముకు 143 రావాలి. 286 అనేది హైడ్రోజన్ మోల్ విలువ, గ్రాము వేషం వేసుకుని కూర్చుంది. మైలుతుత్తం నీటిలో కరిగినప్పటి ఉష్ణం లెక్కలోనూ ఇదే గొడవ: నీలి స్ఫటికాలు తూచి అనార్ద్ర (స్ఫటికంలో నీరు లేని) లవణపు అణుభారం 159.6 వాడేవారిని ఏటా చూస్తాను, 249.7 వాడాలని గుర్తు చేస్తూనే ఉంటాను.

సత్యనారాయణపురం ట్యూషన్ మాస్టారు:
572 లెక్కలో నా సూత్రం బోల్తా పడుతుందని ఒప్పుకుంటున్నాను. అయినా గుణకారమే తడబడే పిల్లకు ముందు ఆ మెట్టు ఎక్కించాలి కదండీ.

గుంటూరు కెమిస్ట్రీ లెక్చరర్:
ఆ మెట్టే అక్కర్లేదు. 0.92ను 46తో భాగిస్తే 0.02 మోల్, 16.72ను 0.02తో భాగించమనండి. గ్రాముకు ఎంత అన్న మజిలీ లేకుండానే మోల్‌కు వచ్చేస్తాము, ఎన్ని మోల్‌లు మండాయో కళ్ల ముందు ఉంటుంది.

బ్రాడీపేట తండ్రి:
ఇప్పుడే చేయించాను, 836 వచ్చింది. అయితే పుస్తకంలో 1367 ఉంది, మిగిలిన 531 ఏమైందని అడుగుతోంది; మళ్లీ ప్రమాణాల దగ్గరే తప్పిందేమోనని దాని బెంగ.

ఇబ్రహీంపట్నం విశ్రాంత ఇంజనీరు:
తప్పలేదని చెప్పండి. పుస్తకపు విలువ గ్రాముకు 29.7, ఆమెది 18.17; మోల్‌కు 1367, ఆమెది 836. ఎటు చూసినా 61 శాతమే. ప్రమాణం మారిస్తే నిష్పత్తి మారదు కాబట్టి, ఆ పోయిన వేడిని కాగితం మీద కాకుండా మంటకూ గిన్నెకూ మధ్య గాలిలోనూ, గిన్నె అడుగున పట్టిన మసిలోనూ వెతకమనండి.