కొలతలిచ్చి చేయించుకున్న బూట్లు సరిపోకపోతే నష్టం ఎవరిది?

వాలుగట్టు:
ఆడవాళ్ల బూట్లు, హీల్స్ మనమే డిజైన్ చేసుకుని తెప్పించుకునే సైట్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ముక్కు కోసుగా ఉండాలా గుండ్రంగా ఉండాలా, హీల్ ఎంత ఎత్తు, తోలు ఏ రంగు, పట్టీ ఎక్కడ, అన్నీ మన ఇష్టం. కొన్ని సైట్లు పాదం కొలతలు కూడా అడుగుతాయి. అంతా అయ్యాక డబ్బు కట్టే దగ్గర చిన్న అక్షరాల్లో ఒక ముక్క ఉంటుంది: మీకోసం ప్రత్యేకంగా చేసినవి కాబట్టి వాపసు తీసుకోము.

నా వాదన సూటిగా చెబుతాను. కొలతలు అడిగారంటే వాటికి సరిపడేలా చేస్తామని మాట ఇచ్చినట్టే. సరిపోకపోతే నష్టం వాళ్లదే కావాలి. బట్టలు కుట్టించుకుంటే, బిగుతైనప్పుడు కుట్లు విప్పి సరిచేసి ఇస్తారు కదా. బూట్ల దగ్గర మాత్రం ‘ఇక మీ తిప్పలు మీరు పడండి’ అంటే ఎలా? మీరేమంటారు?

నిమ్మపూత:
నేను ఒప్పుకోనండి. ఎడమది 37, కుడిది 38, ఊదారంగు తోలు, ఆకుపచ్చ హీల్. ఇలాంటి జత వెనక్కి వస్తే ఎవరికి అమ్ముకోవాలి? చట్టం మినహాయింపు ఇచ్చింది అందుకే. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును కారణం చెప్పకుండా 14 రోజుల్లో వద్దనుకోవచ్చు. కానీ 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశంలోనే, కొనేవాళ్లు చెప్పినట్టు చేసిన వస్తువులకు ఈ హక్కు లేదని రాసి ఉంది. 2020లో అక్కడి న్యాయస్థానం, తయారీ ఇంకా మొదలుకాకపోయినా సరే ఈ మినహాయింపు వర్తిస్తుందని తేల్చింది. అది వంటింట్లో బిగించే అల్మరాల కేసు, కానీ సూత్రం ఇదే.

పైగా కొలిచేది మనం. పొద్దున్నే లేచి, కూర్చుని, టేపు వదులుగా చుట్టి కొలిచి, తర్వాత ‘చెప్పు కరుస్తోంది’ అంటే చేసినవాళ్లు ఏం చేస్తారు?

వాలుగట్టు:
ఆ ఆదేశం సంగతి నాకూ తెలుసండీ. దాని మీద యూరోపియన్ కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చూడండి. అమ్మేవాళ్లు ముందే పెట్టిన ఎంపికల్లోంచి ఏరుకుంటే అది ‘ప్రత్యేకంగా చేయించుకోవడం’ కిందకి రాదన్నారు. కారుకు రంగు ఎంచుకోవడాన్ని ఉదాహరణగా చూపించారు. పది రంగుల్లో ఒకటి, మూడు హీల్స్‌లో ఒకటి నొక్కించే సైట్లు చేస్తున్నదీ అదే. ఇంకో సంగతి, వద్దనుకునే హక్కు పోయినా లోపం ఉన్న వస్తువు మీద హక్కు పోదు. పంపిన కొలతకూ వచ్చిన బూటుకూ పొంతన లేకపోతే దాన్ని లోపం అనక ఏమనాలి?

తోలుదారం:
బూట్ల తయారీలో పనిచేశాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మీరిద్దరూ రెండు వేరు వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. బూటును లాస్ట్ మీద తయారుచేస్తారు. లాస్ట్ అంటే చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన కాలి అచ్చు. ‘మీరే డిజైన్ చేసుకోండి’ అనే సైట్లలో ఎక్కువ భాగం తమ దగ్గరున్న మామూలు సైజుల లాస్ట్‌ల మీదే చేస్తాయి. మారేది పైతోలు, రంగు, హీల్ రకం. రెండో రకంలో, ఉన్న లాస్ట్‌లలో మీ కొలతకు దగ్గరగా ఉన్నది తీసుకుని, అక్కడక్కడా తోలు ముక్కలు అతికించి పెంచుతారు. మీ పాదానికే సొంతంగా లాస్ట్ చెక్కి, చవక తోలుతో ముందు ఒక ట్రయల్ జత చేసి, తొడిగి చూసి, అప్పుడు అసలు జత చేసేది మూడో రకం. ఆన్‌లైన్‌లో మూడోది అరుదు. ఎందుకంటే ఆ ట్రయల్ దగ్గర మనిషి ఎదురుగా ఉండాలి.

హీల్ ఎత్తు సంగతి. సైట్‌లో 5 సెంటీమీటర్ల నుంచి 9కి ఒక్క నొక్కుతో మార్చేస్తాం. కార్ఖానాలో అలా కుదరదు, హీల్ ఎత్తు మారితే లాస్టే మారాలి. మడమ లేచేకొద్దీ బరువు వేళ్ల మొదట్లోకి వస్తుంది, పాదం ముందుకు జారుతుంది. అందుకే 5లో హాయిగా ఉన్న సైజు 9లో వేళ్లను నలిపేయొచ్చు. పంప్స్ అనే రకం హీల్స్‌లో పట్టీ ఉండదు, లేసు ఉండదు, పాదాన్ని పట్టుకునేది అంచు మాత్రమే. కాబట్టి చూడకుండా చేసేవాటిలో అన్నిటికన్నా కష్టం పంప్సే. చీలమండ దగ్గర పట్టీ ఉంటే కొంత సర్దుకుంటుంది.

బట్టలతో పోలిక ఇక్కడ నిలవదండీ. గుడ్డలో కుట్టు లోపల అదనంగా వదులుతారు. బూటు పైతోలును లాస్ట్ మీద లాగి, కింద అంటించి, దాని మీద సోల్ వేస్తారు. విప్పితే దాదాపు కొత్తగా చేసినట్టే. తోలునైతే వెడల్పులో కొంచెం సాగదీయొచ్చు, పొడవు పెంచడం కుదరని పని. రెక్సిన్ లాంటివైతే వెడల్పులో కూడా పెద్దగా సాగవు.

ఇక కొలతలు. యూరప్ సైజుల్లో ఒక అంకెకూ ఇంకో అంకెకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 6.7 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్ సైజుల్లో అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5. ఇదంతా పొడవు లెక్కే. పాదం ఎక్కడ వంగుతుందో దీనివల్ల తెలియదు. ఒకే పొడవు పాదాలున్న ఇద్దరిలో ఒకరికి వేళ్లు పొడుగు, ఇంకొకరికి వేళ్లు పొట్టి, వెనక భాగం పొడుగు. బూటు వంగే చోటు, నడుమ ఉండే ఇనుప పట్టీ ఆ వంపును బట్టే పెడతారు. 1920ల్లో వచ్చిన బ్రానక్ కొలబద్దలోనే మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తు వరకు విడిగా కొలిచే ఏర్పాటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పొడవు, వెడల్పు రెండే అడిగే సైట్లు కనిపిస్తాయి. ఆ సైటు ఏ రకమో చెప్పేది వాళ్లు ఏమేం కొలవమంటున్నారన్నదే.

అడ్డుపుల్ల:
అసలు ఈ వ్యాపారమే నిలిచేది కాదని నా అనుమానం. 2009లో ఆస్ట్రేలియాలో మొదలైన షూస్ ఆఫ్ ప్రే ఈ రంగంలో అందరికన్నా పేరు తెచ్చుకున్నది. ఆడవాళ్లు తమ బూట్లు తామే డిజైన్ చేసుకోవచ్చు అన్నదే వాళ్ల బేరం. పెట్టుబడులు వచ్చాయి, పెద్ద దుకాణాల్లో కౌంటర్లు పెట్టారు. 2018లో ఆర్డర్లు ఆపేశారు, మరుసటి ఏడాది కంపెనీనే మూసేశారు. మామూలు కొనుగోలుదారులు తామే డిజైన్ చేయాలని కోరుకోరు, ఏది వేసుకుంటే బాగుంటుందో ఎవరైనా చూపిస్తే చాలంటారు అని పెట్టినవాళ్లే తర్వాత రాసుకున్నారు. అంత పెద్ద కంపెనీయే మూతపడితే, వాపసులు కూడా తీసుకోవాల్సిందే అంటే చిన్నవాళ్లు ఎన్నాళ్లు ఉంటారు?

పొడుగువేలు:
మామూలు కొనుగోలుదారుల సంగతి సరే. నాలాంటి వాళ్ల మాటేమిటి? నా రెండో వేలు బొటనవేలి కన్నా పొడుగు, బొటనవేలి పక్కన ఎముక ఉబ్బు, ఒక పాదం ఇంకోదానికన్నా వెడల్పు. కోసుముక్కు బూటు ఏదైనా సరే, వేలు ముడుచుకుని నడవాలి. పెద్ద సైజు తీసుకుంటే మడమ దగ్గర జారిపోతుంది. డిజైన్ సరదా నాకు లేదు, ముక్కు గుండ్రంగా, ముందు వెడల్పుగా, మడమ దగ్గర సన్నగా ఉంటే చాలు. వాపసు లేదన్నా నేను ఆర్డర్ ఇస్తాను, ఇంకో దారి లేదు కాబట్టి. అందుకే వాలుగట్టు గారితో పూర్తిగా ఏకీభవించలేను. నష్టమంతా వాళ్ల నెత్తిన పెడితే నాలాంటి పాదాల ఆర్డర్లే ముందు వద్దంటారు.

వాలుగట్టు:
మీకు ఇంకో దారి లేదన్నదే వాళ్ల ధీమా కదండీ! ‘మీ పాదానికి మేం చేస్తాం’ అని ప్రకటించుకుని, రిస్కు మాత్రం మీకే వదిలేస్తున్నారు.

నిమ్మపూత:
ధీమా అనకండి. సరిపోవడం అనేది అంకెల్లో తేలేది కాదు. ఒకరికి పట్టినట్టుంటేనే నడక, ఇంకొకరికి వేళ్లు కదలాలి. ఒకే కొలతలు, ఒకే బూటు, ఒకరు బాగుందంటారు, ఒకరు బిగుతంటారు. ఫోన్ కెమెరాతో స్కాన్ చేయించినా పాదం ఆకారం తెలుస్తుంది గానీ మీకు ఎంత బిగుతు నచ్చుతుందో తెలియదు. మన ఇష్టాన్ని లోపమంటే ఎలా?

తోలుదారం:
నిమ్మపూత గారి మాటలో నిజముంది, అయితే దాని చాటున చాలామంది దాక్కుంటారు. బూటు లోపలి చుట్టుకొలతను లాస్ట్ మీద కొలవొచ్చు. మీరు 23 సెంటీమీటర్లు రాసిస్తే వాళ్లు ఎంత లాస్ట్ వాడారో అంకె చెప్పగలరు. చెప్పడానికి ఇష్టపడని చోట ఇష్టాయిష్టాల గురించి వాదించి లాభం లేదు.

కొలిచేటప్పుడు సాయంత్రం కొలవండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. నిలబడి, బరువు రెండు కాళ్ల మీదా సమానంగా వేసి, వేరే మనిషితో కొలిపించుకోండి. కాగితం మీద గీసేటప్పుడు పెన్సిల్ నిలువుగా ఉండాలి, లోపలికి వంగితే పాదం సన్నగా వస్తుంది. రెండు పాదాల కొలతలూ పంపండి. షుగర్ వల్ల పాదంలో స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం ఇలా తెప్పించుకోవద్దు. ఎక్కడ నొక్కుతోందో వాళ్లకే తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. వాళ్లు డాక్టర్‌కి చూపించుకున్నాకే.

వాలుగట్టు:
అయితే నా డిమాండ్ ఇలా పెడతాను. రంగూ హీలూ మాత్రమే మార్చి మామూలు లాస్ట్ మీద చేసేవాళ్లు మామూలు అమ్మకందారుల్లాగే వాపసు తీసుకోవాలి, సైజు వాళ్లదే కాబట్టి. కొలతలు తీసుకుని చేసేవాళ్లు డబ్బు వాపసు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి ఉచితంగా మళ్లీ చేసివ్వాలి.

నిమ్మపూత:
మొదటిదానికి ఇప్పటికీ ఒప్పుకోను. లాస్ట్ వాళ్లదైనా ఆ ఊదా-ఆకుపచ్చ జత నాదే, ఇంకెవరూ కొనరు. రెండోదానికి సరే, కానీ ఆ రెండో జత ఖర్చు అందరి ధరలోనూ కలుస్తుందని తెలిసే అంటున్నాను.

పొడుగువేలు:
రెండోదానికే నా ఓటు. తోలుదారం గారూ, మళ్లీ చేసిస్తామనే చోట మొదటి జత వెనక్కి పంపమంటారు. ఎలాగూ అమ్ముకోలేనిది, ఎందుకు?

తోలుదారం:
తొడిగిన బూటు చూస్తేనే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. లోపలి అట్ట మీద వేళ్ల గుర్తులు ఎక్కడ పడ్డాయో, మడమ దగ్గర అంచు ఎక్కడ వాలిందో చూసి లాస్ట్ సరిదిద్దుతారు. ఫోటోలో అది కనబడదు. అందుకే ఇంట్లో, శుభ్రమైన నేల మీద రోజుకు కాసేపు చొప్పున వేసుకోండి, బయటికి వేసుకెళ్లకండి. సోల్ అరిగితే మళ్లీ చేసిచ్చేది లేదని రాసుకునేవాళ్లున్నారు. పంపేముందు, మీ పేరున ఆ లాస్ట్‌ను దాచి ఉంచుతారో లేదో అడగండి. దాచనివాళ్ల దగ్గర తర్వాతి ఆర్డర్ కూడా మొదటిదాని లాగే మొదలవుతుంది.