3-ఇన్-1 వెల్డింగ్ మెషిన్: కొత్తవాళ్లకి ముందు సినర్జిక్ నేర్పాలా, మాన్యువలా?

ఆటోనగర్_షెడ్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా షెడ్‌లో పాత రాడ్ మెషిన్ పక్కన ఈమధ్యే 200 ఆంప్స్ 3-ఇన్-1 దించాం. సీఓటూ (గ్యాస్ కింద వైరుతో చేసేది, మిగ్ అంటారు), రాడ్, లిఫ్ట్ టిగ్ (టంగ్‌స్టన్ సూదితో చేసేది) మూడూ అందులోనే. ప్యానెల్ మీద అన్ని బటన్లు చూసి కొత్త కుర్రాళ్లిద్దరికీ టెన్షన్ పట్టుకుంది. సినర్జిక్ నొక్కి వైరు సైజు, గ్యాస్, మందం చెబితే వోల్టేజీ, వైరు స్పీడు మెషినే పెట్టేస్తుంది. మాన్యువల్‌లో ఆ రెండూ మనమే పెట్టాలి. మా ఫోర్‌మన్ మాత్రం ఒప్పుకోవడం లేదు. "దానికి అలవాటు పడితే వీళ్లకి జన్మలో సెట్టింగ్ రాదు, మాన్యువల్‌లో పెట్టు" అంటాడు. నేనేమో రోజూ డెలివరీలు ఇవ్వాలి. పని ఎక్కువగా 16 గేజ్ స్క్వేర్ పైపులు, వాటి కింద 6 ఎం.ఎం. బేస్ ప్లేట్లు. మీరైతే దేంతో మొదలెడతారు?

ఐటీఐ_వెల్డర్_ట్రేడ్

మీ ఫోర్‌మన్ మాటే నా మాట. రాడ్‌తో చేసేటప్పుడు ఆంప్స్ మనం పెడతాం, ఆర్క్ పొడవు చేత్తో కాపాడుకుంటాం. సీఓటూలో ఇదంతా తిరగబడుతుంది. మనం పెట్టేది వోల్టేజీ, ఆర్క్ పొడవు మెషిన్ చూసుకుంటుంది, ఆంప్స్ వైరు స్పీడుని బట్టి వస్తాయి. రాడ్ నుంచి వచ్చిన కుర్రాడు ఈ ప్యానెల్ ముందు నిలబడి ఆంప్స్ నాబ్ ఏదని వెతుకుతాడు. సినర్జిక్‌లో ఆంప్సో మందమో పెట్టే నాబ్ ఒకటి కనిపిస్తుంది కాబట్టి, లోపల రెండు వేర్వేరు సంగతులు కలిసి కదులుతున్నాయని వాడికి ఎప్పటికీ తట్టదు.

నేను చేయించేది ఇది. 3 ఎం.ఎం. ఫ్లాట్ ముక్క, 0.8 ఎం.ఎం. వైరు. వోల్టేజీ 18 దగ్గర కట్టేసి వైరు స్పీడొకటే మార్చమంటాను. బాగా తగ్గిస్తే వైరు చివర ఉండ కట్టి టిప్ (చేత్తో పట్టుకునే టార్చ్‌లో వైరు బయటికొచ్చే కొన) దాకా కాలిపోతుంది. బాగా పెంచితే వైరు ప్లేటుకి గుచ్చుకుని టార్చ్‌ని వెనక్కి తోస్తుంది, ఆ తోపు చేతికి తెలుస్తుంది. మధ్యలో ఒకచోట చప్పుడు ఆగకుండా, ఒకే తీరుగా చిటపటలాడుతుంది. తరవాత వైరు స్పీడు అక్కడే ఉంచి వోల్టేజీ మార్చమంటాను. తక్కువైతే బీడ్ (వెల్డ్ గీత) తాడులా లేచి నిలబడుతుంది, ఎక్కువైతే వెడల్పుగా పరుచుకుని అంచుల్లో అండర్‌కట్ (బీడ్ పక్కన గాడి) పడుతుంది. ఒక పూట ఇది చేసినవాడు ఏ కంపెనీ మెషిన్ ముందుకెళ్లినా భయపడడు.

లెక్క కావాలంటే ఆంప్స్‌ని 20తో భాగించి 14 కలపండి. 80 ఆంప్స్‌కి 18 వోల్టులు, 150కి 21.5. ఈ రకం మెషిన్లకి రేటింగ్ టెస్ట్ చేసేటప్పుడు వాడే ప్రామాణిక లెక్క ఇదే. ఇక్కడ మొదలెట్టి బీడ్ చూసి, చప్పుడు విని సరిచేసుకోవాలి.

గ్రిల్స్_గేట్లు_వరంగల్

మాస్టారూ, పాఠం బాగుంది. కానీ పాఠం వేరు, షెడ్ వేరు. 16 గేజ్ అంటే 1.6 ఎం.ఎం. అక్కడ సెట్టింగ్ కొంచెం ఎక్కువైతే చాలు, పైపుకి బొక్క పడుతుంది. ఆ బొక్క పూడ్చాలి, గ్రైండింగ్ చేయాలి, పుట్టీ పెట్టాలి. మాన్యువల్‌లో ఉన్నప్పుడు ఒకడు మార్చింది ఇంకొకడు చూసుకోడు. పొద్దున బేస్ ప్లేటుకి పెట్టిన సెట్టింగ్‌తోనే సాయంత్రం పైపులు కాలుస్తారు. సినర్జిక్ వచ్చాక మా దగ్గర ఆ బాధ పోయింది. పైగా దాంట్లోనూ నేర్చుకోవచ్చు. వోల్టేజీని కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపే ట్రిమ్ ఉంటుంది కదా, కుర్రాడు అది తిప్పి బీడ్ ఎలా మారుతుందో చూస్తాడు. మెషిన్ ఎంత వోల్టేజీ, ఎంత స్పీడు ఇచ్చిందో తెర మీద చూసి సున్నంతో గోడ మీద రాసుకోమంటాను. తప్పులు తక్కువ, చదువూ అయినట్టే.

దమ్మామ్_పైపింగ్

వరంగల్ అన్నా, ఒక ప్రశ్న. 1.6 పైపుని 6 ఎం.ఎం. బేస్ ప్లేటుకి పెట్టేటప్పుడు ప్యానెల్‌లో మందం ఎంతని కొడతావు?

మెషిన్ అడిగేది ఒక్క అంకె. నీ చేతిలో ఉన్నవి రెండు మందాలు. 1.6 అని చెబితే పైపుకి బాగానే పట్టుకుంటుంది, ప్లేటు మాత్రం కరగదు. బీడ్ దాని మీద కూర్చుంటుంది అంతే. పైకి అందంగా కనిపిస్తుంది, పెయింట్ వేశాక ఎవరికీ తెలీదు. తక్కువ సెట్టింగ్‌లో సీఓటూ చేసే పెద్ద మోసం ఇదే. రాడ్‌తో అయితే స్లాగ్ (బీడ్ మీద పేరుకునే పెంకు) కొట్టినప్పుడో, బీడ్ ఆకారంలోనో లోపం చాలాసార్లు బయటపడుతుంది. నేనైతే ఆ జాయింట్‌కి మధ్యస్థంగా పెట్టి, ఆర్క్ ఎక్కువసేపు ప్లేటు మీద ఉంచి, కరిగిన లోహాన్ని పైపు వైపు తెస్తాను. ఈ నిర్ణయం మెషిన్ తీసుకోలేదు, అది జాయింట్‌ని చూడలేదు.

ఇక్కడ సైట్లలో ప్రొసీజర్ షీట్ మీద వోల్టులు, ఆంప్స్ ఇంత నుంచి ఇంత వరకు అని రాసి ఉంటాయి. ఇన్‌స్పెక్టర్ మీటర్ చూస్తాడు, ఏ మోడ్‌లో చేశావని అడగడు. గల్ఫ్‌కి రావాలనుకునే తమ్ముళ్లు వోల్టేజీ, వైరు స్పీడు భాష రాకుండా రావద్దు.

మెషిన్_సర్వీస్_బాలానగర్

ఎవరి మోడ్ గొప్పదో తేల్చేముందు, మెషిన్‌కి తెలియనివి ఇంకా ఉన్నాయి. నేను రిపేర్‌కి వెళ్లినచోట సగం ఫిర్యాదులు వీటివల్లే.

ప్యానెల్‌లో మిక్స్ గ్యాస్ (ఆర్గాన్, సీఓటూ కలిపింది) ప్రోగ్రాం ఉంటుంది, సిలిండర్‌లో ప్యూర్ సీఓటూ ఉంటుంది. ప్యూర్ సీఓటూకి సుమారు రెండు వోల్టులు ఎక్కువ కావాలి. ఇక స్పాటర్ (చుట్టూ ఎగిరిపడే లోహపు చుక్కలు) ఎందుకు రాదు? గ్యాస్ లేని ఫ్లక్స్ వైరు వేస్తే టార్చ్ మైనస్‌కి రావాలి, మామూలు వైరుకి ప్లస్‌కి. చిన్న మెషిన్లు చాలావాటిలో ఇది బటన్‌తో మారదు, కేబుల్ విప్పి మార్చాలి. 0.8 వైరుకి రోలర్ (వైరుని తోసే చక్రం) 1.0 గాడిలో ఉంటే జారుతుంది, తెర మీద మాత్రం స్పీడు నిక్షేపంగా కనిపిస్తుంది. టిప్ నుంచి వైరు 10-12 ఎం.ఎం. బయట ఉండాల్సింది కుర్రాడు 20కి లాగితే ఆంప్స్ పడిపోతాయి.

మరొకటి. డ్యూటీ సైకిల్ రాసేది 40 డిగ్రీల వేడికి. 60 శాతం అంటే ఆ ఆంప్స్ దగ్గర పది నిమిషాల్లో ఆరు నిమిషాలే ఆర్క్. మే నెలలో రేకుల షెడ్ కింద అంతకూడా రాదు. థర్మల్ లైట్ (మెషిన్ బాగా వేడెక్కిందని చెప్పేది) వెలిగితే స్విచ్ ఆపేయకండి, ఫ్యాన్ తిరగనివ్వండి.

కొత్త_చేయి

అన్నలూ, మా ప్యానెల్‌లో ఇండక్టెన్స్ అని మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా ఉంది. హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్ కూడా ఉన్నాయి. ఇవి ఎప్పుడు తిప్పాలి?

ఐటీఐ_వెల్డర్_ట్రేడ్

తమ్ముడూ, హాట్ స్టార్ట్, ఆర్క్ ఫోర్స్ రాడ్ కోసం. మొదటిది ఆర్క్ అంటుకునేటప్పుడు కాసేపు ఆంప్స్ పెంచుతుంది. రెండోది రాడ్ ప్లేటుకి మరీ దగ్గరైనప్పుడు ఆంప్స్ పెంచి అతుక్కోకుండా చూస్తుంది. సీఓటూలో వాటితో పనిలేదు. ఇండక్టెన్స్ మాత్రం సీఓటూదే. వైరు కరిగిన లోహాన్ని తాకిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా లేస్తుంది, ఆ లేవడాన్ని ఇది నెమ్మదింపజేస్తుంది. పెంచితే ఆర్క్ మెత్తబడి స్పాటర్ తగ్గుతుంది, లోహం పలచగా పారుతుంది. తగ్గిస్తే ఆర్క్ గట్టిగా, బిగువుగా ఉంటుంది. వోల్టేజీ, స్పీడు కుదిరేదాకా సున్నా దగ్గరే ఉంచు.

గ్రిల్స్_గేట్లు_వరంగల్

దమ్మామ్ తమ్ముడు చెప్పిన బేస్ ప్లేటు సంగతి ఒప్పుకుంటాను, అక్కడ మాన్యువలే. పైపుకి పైపు మాత్రం సినర్జిక్ వదలను. ఆ పనికి అంత లోతైన పెనిట్రేషన్ (లోహం లోపలిదాకా కరగడం) అక్కర్లేదు.

ఐటీఐ_వెల్డర్_ట్రేడ్

అక్కర్లేదని ఎలా అంటారండీ? గేటు ఎక్కి పిల్లలు ఊగుతారు. కీలు దగ్గర బీడ్ పైపైన కూర్చుని ఉంటే ఆ గేటు ఎవరి మీద పడుతుందో ఆలోచించండి. గ్రిల్ కమ్మీల వరకు మీరన్నట్టే కానివ్వండి. కీళ్లు, బేస్ ప్లేట్లు, మెట్ల సపోర్టులు మాత్రం సెట్టింగ్ తెలిసినవాడే ముట్టుకోవాలి.

ఆటోనగర్_షెడ్ (విజయవాడ)

ఇదంతా ఫోర్‌మన్‌కి చదివి వినిపించాను. కమ్మీలు, పైపులు సినర్జిక్‌లో, బేస్ ప్లేట్లు మాన్యువల్‌లో అనుకున్నాం. ప్లేటు నిజంగా కరిగిందో లేదో మా దగ్గరున్న సామానుతోనే ఎలా తెలుసుకోవాలి?

దమ్మామ్_పైపింగ్

6 ఎం.ఎం. ఫ్లాట్ ముక్కలు రెండు, జానెడు పొడవు చాలు. టీ ఆకారంలో నిలబెట్టి ఒక పక్కే వెల్డ్ చేయించండి. చల్లారాక వైస్‌లో బిగించి, వెల్డ్ లేని పక్క నుంచి సుత్తితో కొట్టి నిలువు ముక్కని వెల్డ్ మీదికి వంచండి. విరిగితే మూల దగ్గర చూడండి. ముక్క అంచు కోసినప్పటి గీతలతో నున్నగా అలాగే ఉంటే కరగనట్టే. 0.8 వైరుతో 6 ఎం.ఎం.కి 140-150 ఆంప్స్ దాకా వెళ్లాల్సి వస్తుంది. ఒక జత సినర్జిక్‌లో 2 ఎం.ఎం. అని పెట్టి, ఇంకో జత మాన్యువల్‌లో 150 దగ్గర చేయించి, రెండూ విరగ్గొట్టి ఫొటోలు ఇక్కడే పెట్టండి. కుర్రాళ్లిద్దరి చేతా చేయించండి.