అప్‌డేట్: మా బావగారి లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ ఆడించి తూటా ఎక్కించే తుపాకీ) సంగతి తేలింది

గుంటూరులో కూర్చుని నీకెందుకయ్యా రైఫిళ్ల గోల అన్నవాళ్లకి ముందే చెప్తున్నా, మన దగ్గర 1972 చట్టం ప్రకారం వేట నేరం, ఇది మోంటానాలో స్థిరపడిన మా బావగారి కోసం. ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి .30-30 సైజు తూటా మంచిదా, .45-70 సైజు మంచిదా అని ఇదివరకు ఓ పోస్టులో అడిగాను. చివరికి .45-70 తూటాలు వాడే మార్లిన్ 1895 రైఫిల్ తీసుకున్నారు. మామూలు జింకలకైతే 170 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) .30-30 చాలు, భుజానికీ సుఖం, కానీ ఎల్క్ గుర్రమంత ఉంటుంది.

తూటా దగ్గరే అసలు చర్చ జరిగింది. ఈ రైఫిల్‌కుండే ట్యూబ్ మ్యాగజైన్‌లో (తూటాలు నింపే గొట్టం) తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే తూటాని పేల్చే అడుగు భాగం) ఆనుకుంటుంది, గట్టి మొన ఉంటే కుదుపుకి లోపలే పేలొచ్చు, అందుకే బల్లపరుపు మొన లేదా హోర్నడీ అనే తూటాల కంపెనీవాళ్ల మెత్తటి పాలిమర్ మొన. బ్రౌనింగ్ బీఎల్ఆర్ అనే ఇంకో లీవర్ యాక్షన్ రైఫిల్‌కి బాక్స్ మ్యాగజైన్ (తూటాలు ఒకదానిపై ఒకటి పేర్చే పెట్టె) కాబట్టి ఈ టెన్షన్ లేదు.

ఇంకోటి, 1873 నాటి పాత ట్రాప్‌డోర్ రైఫిళ్లు (వెనక మూత తెరిచి ఒక్కో తూటా పెట్టేవి) ఇంకా వాడుకలో ఉన్నాయని .45-70లో 405 గ్రెయిన్ల మామూలు ఫ్యాక్టరీ తూటాలు తక్కువ ప్రెషర్‌తో చేస్తారు. కొత్త మార్లిన్ అంతకంటే ఎక్కువే తట్టుకుంటుంది, అయినా బావగారు వాటితోనే మొదలుపెట్టారు. 150 గజాలు దాటితే తూటా బాగా కిందికి దిగిపోతుంది, ఆయన తిరిగేది దట్టమైన అడవిలో కాబట్టి పర్వాలేదు. దెబ్బ మాత్రం భుజానికి గట్టిగానే తగులుతోందట, మా అక్క జండూబామ్ పంపమంటోంది.