ఎండాకాలంలో పొదుగు: పెట్టలకా, ఇంక్యుబేటర్‌కా?

పెరటికోడి అడిగారు:
చేతిలో 40 నాటుకోడి గుడ్లున్నాయి. ఫ్యాన్ ఉన్న 60 గుడ్ల ఇంక్యుబేటర్ ఒకటి, పొదుగుకొచ్చిన పెట్టలు రెండు. బయట 42, గదిలో మధ్యాహ్నం 37-38 డిగ్రీలు. థర్మోస్టాట్ 37.5కి పెట్టినా మూడింటికల్లా 39 చూపిస్తోంది. కిందటి విడతలో సగం పెంకులోనే చచ్చాయి. దిగినవి కూడా 20వ రోజుకే దిగాయి, బొడ్డు మానలేదు. నీళ్ల తొట్టి మాత్రం మొదటి రోజునుంచీ నిండుగానే ఉంది. ఈసారి దేన్ని నమ్ముకోమంటారు?

హీటర్‌ఫ్యాన్:
ముందే దిగడం, బొడ్డు మానకపోవడం రెండూ వేడి ఎక్కువైన గుర్తులు. మిషన్ చెడిపోలేదండీ. థర్మోస్టాట్‌కి హీటర్ ఆపడమే తెలుసు, చల్లబరచడం తెలీదు. గదే 38లో ఉంటే పెట్టె 37.5కి ఎలా దిగుతుంది? పైగా రెండు వారాలు దాటాక లోపలి పిల్లలే వేడి పుట్టిస్తాయి. అందుకే మొదటి వారం బాగానే నడిచిన పెట్టె మూడో వారంలో గాడి తప్పుతుంది. గది 22-26 మధ్య ఉంటే మేలు, 30 దాటకపోతే నెట్టుకురావచ్చు. అది కుదరకపోతే ఎండాకాలం మిషన్ పెట్టకండి.

గుడ్డులో పిల్లకి కాసేపటి చల్లదనం కంటే వేడే ముప్పు. పెట్ట మేతకి లేచి ఇరవై నిమిషాలు తిరిగొచ్చినా ఏం కాదు. 40 దాటి కొన్ని గంటలుంటే మాత్రం తట్టుకోలేవు. కరెంటు పోతే పెట్టె మీద దుప్పటి కప్పే అలవాటు చలికాలానిది. ఎండాకాలం, అందులోనూ మూడో వారంలో, మూత కాస్త ఎత్తి పెట్టాలి. ఫ్యాన్ ఆగిందంటే పిల్లల వేడి బయటికి పోదు.

గుడ్డుతూకం:
తొట్టి ఎప్పుడూ నిండుగా ఉండటం కూడా తప్పే. 18వ రోజు దాకా 45-55 శాతం తేమ, చివరి మూడు రోజులు 65-70. గాలిలోనే తేమ ఉన్న చోట మొదట్లో నీళ్లే అక్కర్లేకపోవచ్చు. తేమ కొలిచే మీటర్ కంటే తూకం నమ్మకం. 18వ రోజుకి గుడ్డు 11-13 శాతం బరువు తగ్గాలి. పది గుడ్లు కలిపి 500 గ్రాములుంటే 7వ రోజుకి 477, 18వ రోజుకి 440 దగ్గర ఉండాలి. 460 దగ్గరే ఆగాయంటే గుడ్డు వెడల్పు కొనలో ఉండే గాలిగది చిన్నదై, పిల్ల పెంకు పొడిచి తడిలో ఊపిరాడక పోతుంది. 420కి పడిపోతే పెంకు లోపలి పొర ఎండి పిల్ల ఒంటికి అతుక్కుంటుంది.

మీటర్‌ని పరీక్షించాలంటే సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిపి, మీటర్‌తో కలిపి గాలి చొరని కవర్లో ఎనిమిది గంటలు ఉంచండి. 75 చూపించాలి. తేడా ఎంతుంటే అంత లెక్కలో సవరించుకోవడమే. తేమ పోతుందని గాలి రంధ్రాలు మాత్రం మూయకండి.

గంపకిందపెట్ట:
ఆ 40 గుడ్లు ఎక్కడ, ఎన్నాళ్లు దాచారు?

పెరటికోడి:
వంటింటి అలమరలో, వారం పైనే. అక్కడ 34-35 ఉంటుంది.

గంపకిందపెట్ట:
అయితే పెట్ట కింద పెట్టినా వాటితో లాభం లేదు. అంత వేడిలో పిండం అలమరలోనే మొదలై, సరైన వేడి అందక నీరసించి చస్తుంది. టార్చ్ పెట్టి చూస్తే రక్తపు వలయం కనబడేవి ఇవే. అసలు ఏమీ కనబడకపోతే పుంజు సంగతి చూడాలి, ఎండకి వాటి సత్తువ తగ్గుతుంది. కొత్త గుడ్లు రోజుకి మూడు నాలుగుసార్లు ఏరండి, సన్నని కొన కిందికి పెట్టి 15-18 డిగ్రీల్లో వారం లోపే దాచండి. గాలి పొడిగా ఉంటే తడి ఇసుకలో కుదురుగా పెట్టిన మట్టికుండ కొంత పనిచేస్తుంది.

ఎండాకాలం పెట్టకి పన్నెండు వద్దు, ఎనిమిది తొమ్మిది చాలు. గుడ్లు ఎక్కువైతే అంచు గుడ్లు బయటికొస్తాయి, వాటిని సర్దుకోలేక అది మాటిమాటికీ లేస్తుంది. గంప అడుగున రెండు అంగుళాల తడి ఇసుక, పైన ఎండుగడ్డి. నీడ, గాలి ఆడే చోటు. నీళ్లు, గింజల మేత రెండడుగుల దూరంలోనే. గుడ్లన్నీ ఒకే రోజు పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి, లేకపోతే వేరే పెట్టలు కొత్తవి కలిపేస్తాయి.

నోరు తెరిచి రొప్పుతుంటే చోటు మార్చాలి, కానీ రాత్రే. వేడికి గూడు వదిలిందని చాలామంది అనుకుంటారు గానీ, కొన్నిసార్లు కారణం పేలు. చీకటి పడ్డాక గడ్డి కింద టార్చ్ వేస్తే ఎర్రగా పాకుతుంటాయి. కూర్చోబెట్టకముందే పెట్టకి పేల మందు వేసి గడ్డి మార్చండి.

హీటర్‌ఫ్యాన్:
గది చల్లబడే వీలుంటే మిషన్‌లో కూడా అదే రోజు పెట్టండి. దిగిన పిల్లల్ని ఒళ్లు ఆరాక, రాత్రి చీకట్లో పెట్ట కిందికి జారిస్తే తనవే అనుకుంటుంది. కానీ దాని పిల్లలు దిగిన రెండు రోజుల్లోపే చేయాలి, ఆలస్యమైతే పొడుస్తుంది.