నల్లరేగడిలో పునాదికే డబ్బంతా అయిపోయింది, ముఖ్యమంత్రి గారికి అర్జీ ఎలా రాయాలి?

ప్రశ్న (ఆదోని దగ్గరి పల్లె నుంచి)

అందరికీ నమస్కారం. పాత పథకంలో మా అమ్మ పేరు మీద ఇల్లు మంజూరైంది, 1.80 లక్షలు. లేఅవుట్ మొత్తం నల్లరేగడి. ఎండాకాలంలో నేల నెర్రెలిస్తే చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోతుంది. బేల్దారి చూసి, మామూలు పునాది వేస్తే రెండు వానలకే గోడలు చీలతాయన్నాడు. ఆరడుగులు తవ్వించి, పిల్లర్లు లేపి, కింద బెల్టు కట్టించి, లోపల ట్రాక్టర్లతో గరుసు పోయించాం. బేస్‌మెంట్ పైకి తేలేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయింది.

ఇప్పుడు కమ్మీలు ఆకాశం చూస్తూ తుప్పు పడుతున్నాయి. అమ్మ వాటికి ఎరువుల సంచులు చుట్టి తాడుతో కట్టింది. మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయి తెచ్చిన డబ్బు అప్పులకే సరిపోయింది. మా వరుసలో ఇట్లా ఆగిన ఇళ్లు పద్నాలుగు. అందరం కలిసి ముఖ్యమంత్రి గారికి అర్జీ పెట్టాలనుకుంటున్నాం. ఏం రాయాలి, ఎక్కడ ఇవ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (కర్నూలు, రిటైరైన ఇంజినీరింగ్ ఉద్యోగి)

తమ్ముడూ, అర్జీ సంగతి తర్వాత. ముందు మీకు రావాల్సింది వచ్చిందో లేదో చూసుకోండి. పాత పథకాల్లో మంజూరై పూర్తికాని ఇళ్లకు 2025 మార్చిలో ప్రభుత్వం అదనపు సాయం ప్రకటించింది. బీసీ, ఎస్సీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష. అది పని జరిగిన కొద్దీ పడుతుంది. మీ బేస్‌మెంట్ ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కిందా అని సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ను అడగండి. మీరు సుగ్గికి పోయినప్పుడు ఫొటో తీయడానికి వచ్చి, ఎవరూ లేరని తిరిగి వెళ్లి ఉంటే ఇల్లు అదే దశలో ఆగినట్టు కనిపిస్తుంది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక అర్జీ. ‘మేము పేదలం, దయచూపండి’ అని రాసిన కాగితాలు కట్టలు కట్టలుగా వస్తాయి. దయ అడగొద్దు, లెక్క అడగండి. మీ 1.80 లక్షల్లో 1.50 లక్షలు ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ కింద కేంద్రం ఇచ్చేది, 30 వేలు ఉపాధి హామీ నుంచి వచ్చేవి. కేంద్రం వాటా పెంచడం ముఖ్యమంత్రి గారి చేతిలో లేదు. పైన రాష్ట్రం ఎంత కలపాలన్నది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనిదే. అడగాల్సింది అక్కడే.

రాతినేల ఉన్నచోటా, రేగడి ఉన్నచోటా ఒకటే రేటు కట్టడం న్యాయం కాదు. ఇదే మీ అసలు మాట. దీనికి ఆధారం కేంద్రం పథకంలోనే ఉంది. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదానంలో ఇంటికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు. అంటే నేలను బట్టి ఖర్చు మారుతుందని వాళ్లే ఒప్పుకున్నారు. కొండకు ఒప్పుకున్నది రేగడికి ఎందుకు ఒప్పుకోరు?

ఇంకో లెక్క కూడా రాయండి. అదే పథకం కొత్త విడత అర్బన్ 2.0లో కొత్తగా మంజూరయ్యే ఇంటికి 2.50 లక్షలు, అందులో రాష్ట్రం వాటా లక్ష. మీకు 1.80కి బీసీ, ఎస్సీలకిచ్చే 50 వేలు కలిపినా 2.30 దగ్గరే ఆగుతుంది. తుంగభద్ర దాటి అలంపురం వైపు వెళ్తే తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు. అక్కడా అదే సిమెంటు, అదే కమ్మీ.

అనంతపురం నుంచి

మాది ఎర్రనేల అన్నా. రెండున్నర అడుగులకే గట్టి తగిలింది. అదే డబ్బుతో మేము గోడలు లేపేశాం. మీ అర్జీలో మా ఇల్లు కూడా ఉదాహరణగా రాసుకోండి, మా ఖర్చు చీటీలు కావాలంటే పంపుతాను. రేగడి వాళ్లకు ఎక్కువ ఇస్తే మాకు తక్కువవుతుందని ఇక్కడ ఎవరూ అనుకోరు.

కడప నుంచి ఒక అక్క

మా కాలనీలో నిరుడు పెట్టాం కాబట్టి చెప్తున్నా. కాగితం ఒక్కటే ఇస్తే నమ్మరు. పునాది గుంతలో టేపు పట్టి, అంకెలు కనిపించేలా ఫొటో తీయండి. గరుసు ట్రాక్టర్లు ఎన్ని, బేల్దారి కూలి ఎంత, ఇంటింటికీ ఒక వరుసలో రాయండి. గ్రామసభలో తీర్మానం చేయించి జత చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి, అది లేకుండా కదలొద్దు. ఆ నంబరుతో 1100కి ఫోన్ చేసి ఎక్కడిదాకా పోయిందో అడగొచ్చు. నకళ్లు గృహనిర్మాణ మంత్రి గారికి, మీ ఎమ్మెల్యే గారికి ఇవ్వండి. మేమైతే మొదటిసారి రసీదు తీసుకోకుండా వచ్చేశాం. మూడు నెలల తర్వాత అడిగితే అసలు అర్జీయే రాలేదన్నారు.

కర్నూలు పెద్దాయన మళ్లీ

అక్క చెప్పింది అక్షరాలా నిజం. బడ్జెట్ సమావేశాలు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చిలో జరుగుతాయి. డిసెంబరులోనే ఇస్తే ఎమ్మెల్యే గారికి సభలో అడగడానికి వీలుంటుంది. రాయడానికి ఇబ్బందైతే ఇలా మొదలుపెట్టండి:

‘గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, మా లేఅవుట్‌లోని 14 ఇళ్లు పునాది దశలో ఆగిపోయాయి. నల్లరేగడి నేల కావడం వల్ల పునాదికే సాయం మొత్తం ఖర్చయింది. ఇంటింటి ఖర్చు వివరాలు, ఫొటోలు జత చేశాం. రేగడి నేలల్లో కట్టే ఇళ్లకు పునాది అదనపు ఖర్చును రాష్ట్ర నిధుల నుంచి విడిగా మంజూరు చేయాలని, సుగ్గికి వెళ్లే కుటుంబాలు తిరిగి వచ్చేదాకా గడువు ఇవ్వాలని కోరుతున్నాం.’

కోరికలు ఈ రెండే ఉంచండి. రోడ్డు, కరెంటు, నీళ్లు కూడా కలిపితే అర్జీ నాలుగు శాఖలకు చీలి, ఎవరూ పట్టించుకోరు.

అడిగినవారు

అన్నా, అక్కా, చాలా సంతోషం. సచివాలయానికి పోయి వచ్చాను. మీరన్నట్టే మా ఫొటో ఎక్కలేదు, ఎల్లుండి వచ్చి తీస్తామన్నారు. మిగతా పదమూడు ఇళ్లలో ఆరింటిదీ ఇదే పరిస్థితి. ఐదు కుటుంబాలు ఇంకా సుగ్గిలోనే ఉన్నాయి. వాళ్ల సంతకాలు ఫోన్‌లో తెప్పించుకుంటే చెల్లుతాయా, లేక వాళ్లు వచ్చేదాకా ఆగాలా?

కర్నూలు పెద్దాయన

ఆగొద్దు. ఇంటి దగ్గర జేజి ఉన్నా, తాత ఉన్నా వాళ్ల వేలిముద్ర వేయించి, పక్కనే ‘కుటుంబం వలసలో ఉంది’ అని రాయండి. అది కూడా పైవాళ్లు చదవాల్సిన సంగతే.